వంటింట్లో నిలబడి మాట్లాడే చరిత్ర

మ్యూజియం అనగానే మనకేం గుర్తొస్తుంది? అద్దాల బీరువాలు, 'చేతితో తాకరాదు' బోర్డులు, కాళ్లు లాగేస్తున్నా కూర్చోడానికి చోటు దొరకని పొడుగాటి గదులు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ దగ్గరికి అందరం పరుగెత్తుకెళ్లి కూర్చుంటామే, ఎందుకంటారు? అన్ని గదుల్లోనూ కదిలేది దాదాపు అదొక్కటే కనుక!

అలా కాకుండా ఊరికి ఊరే మ్యూజియం అయిపోయి, అందులో రెండున్నర శతాబ్దాల కిందటి మనుషులు తిరుగుతూ, వంట చేసుకుంటూ, బట్టలు కుట్టుకుంటూ, ఇనుము కాలుస్తూ మనతో కబుర్లు చెబితే ఎలా ఉంటుంది? అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో అలాంటి ఊరొకటి ఉంది. పేరు విలియమ్స్‌బర్గ్. మా చెల్లెలు వాళ్లుండేది వాషింగ్టన్ దగ్గర. అక్కణ్ణించి కారులో మూడు గంటల దారి. పిల్లల్ని అక్కడికి దగ్గర్లోని ఆటల పార్కుకి తీసుకెళ్లే మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. పక్కనే ఉన్న ఈ పాత ఊళ్లోకి మాత్రం 'చూద్దాంలే' అనుకుని వెళ్లనివాళ్లే ఎక్కువట. ఈసారి మా చెల్లి పంతం పట్టి తీసుకెళ్లింది.

1699 నుంచి 1780 దాకా వర్జీనియాకి రాజధాని ఈ ఊరే. అందులో ఎక్కువ కాలం ఆ ప్రాంతం ఇంగ్లండు రాజుగారి వలస. రాజధాని రిచ్‌మండ్‌కి తరలిపోయాక ఊరు వాడిపోయింది. 1926లో గుడ్విన్ అనే చర్చి ఫాదరీ, కోటీశ్వరుడు రాక్‌ఫెల్లరు కొడుకుని పట్టుకుని, ఆ పాత ఇళ్లని మళ్లీ నిలబెట్టించే పని మొదలుపెట్టాడు. ఇప్పుడు అక్కడ 301 ఎకరాల్లో అప్పటి వీధులు, తోటలు, కొట్లు ఉన్నాయి. ఎనభైకి పైగా ఇళ్లు నిజంగా ఆ కాలం నాటివే. మిగతావి పునాదులు తవ్వి, పాత పటాలు చూసి కట్టినవి. గవర్నరుగారి ప్యాలెస్ కూడా అలా కట్టిందే. అసలుది 1781లో కాలిపోయింది.

ఇలా మనుషుల్ని పెట్టి పాత కాలాన్ని చూపించే ఆలోచన అమెరికావాళ్లది కాదు. స్వీడన్‌లో 1891లోనే స్కాన్సెన్ అనే చోట మొదలైంది. 'సజీవ చరిత్ర' అని పేరు పెట్టుకోవచ్చేమో మనం. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఆనాటి బట్టలు వేసుకుని, ఆనాటి పని చేస్తూనే, ఈనాటి మనిషిగా మనకి వివరించడం. రెండోది పూర్తిగా ఆనాటి మనిషైపోయి, 'నేను' అని మాట్లాడడం. కథలు రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే ఉత్తమ పురుష అన్నమాట! రాసిచూస్తే తెలుస్తుంది అదెంత కష్టమో. ఆ పాత్రకి తెలియని సంగతి ఒక్కటి కూడా నోట్లోంచి రాకూడదు. కథలో అయితే కొట్టేసి మళ్లీ రాసుకుంటాం. ఎదురుగా పాతికమంది నిలబడి ప్రశ్నలు వేస్తుంటే కొట్టేసేదెలా? విలియమ్స్‌బర్గ్‌లో రెండు రకాలవాళ్లూ ఉంటారు. కమ్మరి, చెప్పులు కుట్టేవాళ్లు, అచ్చుపని వాళ్లు చాలావరకు మొదటి రకం. వాళ్లకది వేషం కాదు, వృత్తి. ఏళ్ల తరబడి శిష్యరికం చేసి నేర్చుకుంటారు. మా మరిది కమ్మరికొట్టు దగ్గర అతుక్కుపోతే, మేం ఆడవాళ్లం ప్యాలెస్ వంటింటి వైపు నడిచాం.

దిబ్బరొట్టె గుర్తొచ్చింది!

వంటిల్లు పెద్దింటికి దూరంగా, విడిగా ఉంది. అగ్గిభయం ఒకటి, వేడి ఒకటి, వాసనలు ఒకటి... పనివాళ్లు యజమానుల కళ్లబడకుండా ఉండడం మరొకటి. మనిషి లోపలికెళ్లి నిలబడేంత పొయ్యి. అయితే వంట జరిగేది మంట మీద కాదు. మంట మండుతూ ఉంటుంది, నిప్పుల్ని పారతో ముందుకి లాక్కుని నేలమీద చిన్న చిన్న కుప్పలు పోసి, మూడుకాళ్ల ఇనప గిన్నెలు వాటిమీద పెడతారు. కుప్ప పెద్దదైతే పెద్ద సెగ, చిన్నదైతే సన్న సెగ. మూతకి అంచు ఉన్న దాక లాంటి గిన్నె ఒకటుంది. పిండి అందులో పెట్టి, కింద నిప్పులు, మూతమీదా నిప్పులు పోస్తే రొట్టె రెండువైపులా కాలుతుంది. అది చూడగానే మా చెల్లీ నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. మా అమ్మమ్మ దిబ్బరొట్టె కాల్చింది అచ్చం ఇలాగే కదూ! ఇత్తడి గిన్నెలో పిండి, మూతమీద కణకణలాడే నిప్పులు! అక్కడ వండినవి మాత్రం మనకి రుచి చూపించరు. ఆరోగ్య శాఖ నిబంధనలట. ఆ సువాసన పీల్చి ఊరుకోవాల్సిందే.

జూలై ఎండ. వంటమనిషి ఒంటిమీద నారబట్ట చొక్కా, బిగుతు రవికె లాంటిది, కింద పొరలు పొరలుగా లంగాలు. 'అంత లంగాతో పొయ్యి దగ్గర ఎలాగమ్మా' అని ఎవరో అడిగారు. ఉన్ని అయితే ఒక పట్టాన భగ్గుమని అంటుకోదు, కమురుతుంది, అంతలో చూసుకోవచ్చు అని చెప్పింది. ఒకప్పుడు ఇలాంటి చోట్ల గైడ్లు మరో మాట చెప్పేవాళ్లు. ఆ కాలపు ఆడవాళ్ల చావులకి కాన్పు మొదటి కారణం, లంగాలంటుకుని కాలిపోవడం రెండో కారణం అని. వినడానికి ఒళ్లు గగుర్పొడిచే మాట కదా, అందుకే నోటినుంచి నోటికి పాకింది. అది నిజం కాదు. ఆడవాళ్లని ఎక్కువగా మింగింది రోగాలు. ఇలాంటి కట్టుకథల్నే ఏరి, మేరీ మైలీ థియోబాల్డ్ అనే రచయిత్రి 2012లో ఏకంగా పుస్తకం వేసింది. అలా తాము చెప్పిన తప్పుని తామే దిద్దుకోవడం నాకు నచ్చింది.

మచిలీపట్నం నుంచి వర్జీనియాకి

మార్గరెట్ హంటర్ అనే ఆవిడ నడిపిన బట్టలకొట్టు ఇప్పటికీ నిలిచి ఉంది. లోపల ముగ్గురు నలుగురు అమ్మాయిలు కిటికీ వెలుతురుకి కూర్చుని చేత్తో కుడుతున్నారు. ఆ రోజుల్లో ఆది జాకెట్టు లేదు, కాగితపు కొలతలూ లేవు. గుడ్డని నేరుగా మనిషి ఒంటిమీదే పరిచి, గుండుసూదులు గుచ్చి, కత్తిరించేవాళ్లు. నలుగురు కూర్చుంటే ఒక్క రోజులో గౌను తయారు. లంగాకి జేబు కుట్టరు. జేబు విడిగా ఒక సంచీ. నాడాతో నడుముకి కట్టుకుని, పైన లంగా చీలికలోంచి చెయ్యి పెట్టి తీసుకోవాలి. తాళంచెవులు, చిల్లర, సూదీదారం అన్నీ అందులోనే. మన పెద్దవాళ్ల బొడ్లో సంచీ లేదూ? దానికి అక్క వరసే!

జేబులో డబ్బు ఎవరిది అన్నది మరో సంగతి. ఆనాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్లయిన ఆడదానికి వేరే ఆస్తి లేదు. ఆమె తెచ్చుకున్నదీ, సంపాదించినదీ మొగుడిదే. విధవరాలైతే మాత్రం సొంతంగా వ్యాపారం చెయ్యొచ్చు, సంతకం పెట్టొచ్చు. విలియమ్స్‌బర్గ్‌లో పేరు నిలిచిన ఆడవాళ్లలో విధవరాళ్లు ఎక్కువ కావడానికి కారణం ఇదే. క్లెమెంటీనా రిండ్ భర్త 1773లో పోయాడు. పసిపిల్లలతో, అప్పులతో మిగిలిన ఆవిడ, అతను నడిపే 'వర్జీనియా గెజిట్' పత్రికని తను అచ్చువేసింది. 1774లో శాసనసభ ఆవిణ్ణే ప్రభుత్వ ముద్రాపకురాలిగా ఎన్నుకుంది. ఇంగ్లండు మీద జెఫర్సన్ రాసిన తొలి ఘాటు కరపత్రం ఆవిడ అచ్చుకొట్టులోంచే వచ్చింది. ఆ ఏడే సెప్టెంబరులో ఆవిడా పోయింది, పాపం. ముప్ఫై నాలుగేళ్ల వయసు అంటారు. మొగుడు పోతే తప్ప మనిషిగా లెక్కకి రాని చట్టం అది. మొగుడు పోతే మనిషి లెక్కలోంచే తీసేసిన ఆచారాలు మనవి. ఏది నయమో తేల్చే పని నేను పెట్టుకోను.

కొట్లో నన్ను నిలబెట్టేసింది మాత్రం ఒక గుడ్డ. తెల్లటి నూలు మీద ఎర్ర పూలు, నల్లటి సన్నగీతలు. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటుంటే, ఆ అమ్మాయే చెప్పింది: ఇండియా నుంచి వచ్చే చింట్జ్ అని. కోరమాండల్ తీరం పేరు కూడా ఎత్తింది. అంటే మన సముద్రపొడ్డే! మచిలీపట్నం రేవునుంచి అద్దకం బట్టలు ఓడలెక్కి ఇంగ్లండు చేరి, అక్కణ్ణించి వలసలకి వెళ్లేవి. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు లబోదిబోమన్నారు. 1719లో లండన్ వీధుల్లో అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి చింపేశారు కూడా. 1721లో పార్లమెంటు వాటిని కట్టుకోవడమే నిషేధించింది. వలసలకి ఎగుమతి చేసుకోవడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. అలా లండన్ దొరసాని కట్టుకోకూడని పూలగుడ్డ వర్జీనియా దొరసాని దర్జాగా కట్టుకుంది. పటికతో, ఇనపనీళ్లతో రంగు పట్టించి, కృష్ణ లంకల్లో దొరికే చిరివేరుతో ఎరుపు ఎక్కించే మన కలంకారీ పనివాళ్ల చేతుల గురించి అక్కడ ఎవరూ వేషం కట్టడం లేదు. కట్టాలనీ నేను అనను. కానీ ఆ అమ్మాయి నోట మన తీరం పేరు వచ్చినందుకు, పెడన తుమ్మచెట్ల కింద ఆరేసిన గుడ్డలు కళ్లముందు కదిలాయి.

ఎవరు ఎవరి వేషం వేస్తారు?

ఇంతవరకు సరదాగానే ఉంది. వంటింట్లో ఉండగానే నా మనసులో ఒక ప్రశ్న మెదిలింది. ఈ ప్యాలెస్‌లో ఆనాడు వంటా వార్పూ, నీళ్లు మొయ్యడం, అంట్లు తోమడం ఎవరు చేశారు? స్వాతంత్ర్య యుద్ధానికి ముందు ఈ ఊరి జనాభాలో సగానికి పైగా నల్లవాళ్లే, అందులో దాదాపు అందరూ బానిసలే. ఈ మాట ఊరు తిరిగి కట్టిన కొత్తల్లో ఎవరూ చెప్పలేదు. పట్టుగౌన్లు వేసుకున్న తెల్ల దొరసానులు ఇళ్లు చూపించేవాళ్లు. 1979లో ఆరుగురు నల్లజాతి నటుల్ని తీసుకున్నాకే ఆ సగం ఊరు నోరు విప్పింది. అన్నట్టు, అక్కడివాళ్లు ఇప్పుడు 'బానిస' అనరు. 'బానిసను చేసిన మనిషి' అనే అర్థం వచ్చేలా మాట్లాడతారు. ముందు వింతగా అనిపిస్తుంది. రెండుసార్లు నోట్లో తిప్పుకుంటే తేడా తెలుస్తుంది. మొదటిది ఆ మనిషి సంగతి చెబుతుంది, రెండోది చేసినవాడి సంగతి కూడా చెబుతుంది.

వర్జీనియాలో 1662లో ఒక చట్టం చేశారు. బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది తల్లిని బట్టి నిర్ణయించాలని. లోకమంతా బిడ్డకి తండ్రి పేరు కావాలనే రోజుల్లో వీళ్లకి తల్లి కావలసి వచ్చింది! ఎందుకో విడమర్చి చెప్పక్కర్లేదు కదా. బానిసని చేసిన స్త్రీకి యజమానివల్లే బిడ్డ పుట్టినా ఆ బిడ్డ యజమాని ఆస్తే. పశువుల దూడల లెక్క.

దీన్ని వేషం కట్టి చూపించొచ్చా? 1994 అక్టోబరు 10న ఈ ఊళ్లో పెద్ద గొడవే అయింది. నల్లజాతి చరిత్ర విభాగం అధిపతి క్రిస్టీ కోల్‌మన్, ఒక తావెర్న్ మెట్లమీద బానిసల వేలాన్ని ప్రదర్శనగా పెట్టింది. అలాంటి వేలాలు ఆ ఊళ్లో నిజంగా జరిగినవే. గర్భిణిగా నటించి అమ్ముడుపోయింది ఆవిడే. అప్పటికి చిన్న వయసు ఆవిడది. నల్లవాళ్ల హక్కుల సంఘమే వద్దంది. మా పూర్వీకుల ఏడుపుని వినోదం చేస్తారా అని నిరసనకారులు వచ్చారు. రెండు వేలమంది దాకా చూశారంటారు. వచ్చినవాళ్లలో ఆ సంఘం నాయకుడొకరు చూశాక మనసు మార్చుకుని, ఇది చూపించాల్సిందేనన్నారు. మార్చుకోని వాళ్లూ ఉన్నారు. నేను ఆ రోజు అక్కడుంటే ఏ వైపు నిలబడేదాన్నో ఇప్పటికీ తేల్చుకోలేను. కథలో అయితే వేలం రాస్తాను. రాస్తే అది కాగితం మీద ఉంటుంది. మెట్లమీద నిలబడింది మాత్రం రక్తమాంసాలున్న మనిషి, సాయంత్రం ఇంటికెళ్లి అన్నం వండుకోవాల్సిన మనిషి. ఆ క్రిస్టీ కోల్‌మనే తరువాత రిచ్‌మండ్‌లో అంతర్యుద్ధ మ్యూజియం నడిపి, 2020 నుంచి పక్కనే ఉన్న జేమ్స్‌టౌన్-యార్క్‌టౌన్ మ్యూజియాల పెద్దగా వచ్చింది.

చూసేవాళ్లు కూడా ఒక్కోసారి వేషమన్న సంగతి మరిచిపోతారు. 1999లో పారిపోయిన బానిసల్ని గస్తీవాళ్లు పట్టుకునే ఘట్టం చూపిస్తుంటే, ప్రేక్షకుల్లో ఒకతను ఆవేశం ఆపుకోలేక గస్తీ వేషగాళ్ల తుపాకుల మీదికే వెళ్లాడట! మన పల్లెల్లో వీధినాటకాల్లో దుర్యోధనుడి మీద చెప్పులు విసిరిన పెద్దవాళ్లు గుర్తొచ్చారు నాకు. ఇంకో రకం ప్రేక్షకులుంటారు, వాళ్లు మరీ కష్టం. జార్జి వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్‌లో దాసి పాత్ర వేసిన అజీ డంజీ అనే నటి, వచ్చినవాళ్లు తనని అడిగిన తెలివితక్కువ ప్రశ్నలన్నీ పోగేసి 2013లో హాస్య వీడియోలే తీసింది. అన్నీ ఓపిగ్గా విని, వేషం విప్పాక జవాబు చెప్పుకుంది!

వేషమే కట్టం అన్నవాళ్లూ ఉన్నారు. మసాచుసెట్స్‌లో ప్లిమత్ అనే చోట 1620లలో వచ్చిన ఇంగ్లీషువాళ్ల పల్లెని అచ్చుగుద్దినట్టు కట్టి, ఆనాటి మనుషుల్లా మాట్లాడేవాళ్లని పెట్టారు. దాని పక్కనే ఆదివాసుల ఆవరణ. అక్కడి ఆదివాసులు తాతలనాటి బట్టలు కట్టి, పడవ తొలుస్తూ, కూర వండుతూ కనిపిస్తారు గానీ, 'నేను 1620 మనిషిని' అని మాత్రం అనరు. మేమింకా బతికే ఉన్నాం, మాకు వేషమెందుకు అన్నట్టు ఈనాటి మాటే మాట్లాడతారు. ఆ చోటు పేరులో ఆదివాసుల ఊరి పేరు పటక్సెట్‌ని 2020లో చేర్చారు.

మన దగ్గర ఇలాంటిది ఎక్కడ పెట్టొచ్చా అని తిరుగు ప్రయాణంలో అక్కచెల్లెళ్లం వాదించుకున్నాం. హైదరాబాదు కోఠీలో రెసిడెన్సీ ఉంది కదా, 19వ శతాబ్దం మొదట్లో కిర్క్‌పాట్రిక్ కట్టించింది. అతను పెళ్లాడిన ఖైరున్నీసా ఉన్న జనానా 1860లో కూల్చేశారు. మిగిలింది తోటలో చిన్న నమూనా భవనం. అక్కడ ఎవరైనా అమ్మాయి ఖైరున్నీసాగా నిలబడి మాట్లాడితే జనం వస్తారు, సందేహం లేదు. ఆవిడ దాసిగా నిలబడడానికి ఎవరొస్తారంది మా చెల్లి. వచ్చినా ఆ దాసిని ఏం మాట్లాడించాలో ఎవరు రాస్తారన్నాను నేను.

లిడియా చూసింది

విలియమ్స్‌బర్గ్‌లో జార్జి విత్ అనే లాయరుగారి ఇల్లు ఒకటి ఉంది. ఇటుకల మేడ, వెనక వంటిల్లు. జెఫర్సన్‌కి న్యాయశాస్త్రం నేర్పిన గురువు ఆయన. మనుషులంతా సమానమన్న స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు. ఆయన వంటింట్లో ఉన్నది లిడియా బ్రాడ్‌నాక్స్. అప్పటికి ఆయన బానిస. 1787లో ఆమెకి విముక్తి రాసిచ్చాడు. తరువాత ఆయన రిచ్‌మండ్‌కి మారితే ఈవిడా వెళ్లి, ఈసారి జీతానికి వంట చేసింది. సొంత ఇల్లు కూడా అమర్చుకుంది.

మా చెల్లి కూతురికి పదకొండేళ్లు. ఆ వంటింట్లో నిలబడి ఇంతవరకే విని, 'హ్యాపీ ఎండింగ్ పెద్దమ్మా' అంది. అప్పుడు మిగతా కథ చెప్పాల్సి వచ్చింది.

1806 మే నెలలో ఒక ఉదయం రిచ్‌మండ్ ఇంట్లో కాఫీ తాగిన ముగ్గురికి వాంతులు పట్టుకున్నాయి. ముసలాయన విత్, ఆయన చదువు చెబుతున్న మైకేల్ బ్రౌన్ అనే నల్లపిల్లవాడు, లిడియా. పిల్లవాడూ, పెద్దాయనా చచ్చిపోయారు. లిడియా బతికింది. ఆ ఇంట్లోనే ఉంటున్న మనవడి వరస కుర్రవాడు స్వీనీ కాఫీ గిన్నె దగ్గరికి వెళ్లడం, ఏదో కాగితం నిప్పుల్లో పడెయ్యడం తను చూసినట్టు చెప్పింది. ఆస్తికోసం చేసిన పని అని ఊరంతా అనుకున్నారు. పెద్దాయన ప్రాణం పోయేలోపు వీలునామాలోంచి వాడి పేరు కొట్టించగలిగాడు కూడా. కానీ కోర్టులో హత్య రుజువు కాలేదు. తెల్లవాడికి వ్యతిరేకంగా నల్లవాళ్ల సాక్ష్యం చెల్లదని వర్జీనియా చట్టం. ఆ చట్టాల్లో ఆరితేరిన న్యాయమూర్తి హత్య కేసులో, వంటింట్లో కళ్లారా చూసిన మనిషి నోరు కోర్టులో పనికిరాలేదు. స్వీనీని వదిలేశారు.

మర్నాటి ఏడు, 1807లో, లిడియా దేశాధ్యక్షుడైన జెఫర్సన్‌కి ఉత్తరం పంపింది. తనే రాసిందో, ఎవరిచేతనైనా రాయించిందో. వయసు మీదపడింది, విషం దెబ్బకి చూపు మందగించింది, ఇల్లు బాగుచేయించుకోవాలి, సాయం చెయ్యమని అందులో ఉంది. ఆయన యాభై డాలర్లు ఇప్పించాడు.

మా పిల్ల చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరువాత ఆ పొయ్యి ముందుకెళ్లి నిలబడి, 'ఇక్కణ్ణించి చూస్తే గుమ్మం కనిపిస్తోంది పెద్దమ్మా, ఎవరొచ్చినా కనిపిస్తారు' అంది.